కుడివైపు తిరిగితే టక్ టక్... ఒక జాయింటు చరిత్ర

చేవెళ్లలో మా ఇంటికి హైదరాబాదు వైపు నుంచి వస్తే, బీజాపూర్ రోడ్డు మీద కుడివైపు సందులోకి తిరగాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. మొన్నామధ్య ఒక శనివారం నా బండి సర్వీసింగుకి ఇచ్చేసి బస్సులో మొయినాబాద్ దాకా వస్తే, నాన్న మారుతి వేసుకొచ్చి ఎక్కించుకున్నాడు. మర్రిచెట్ల కింద కబుర్లు చెప్పుకుంటూ వచ్చాం. మా సందు వచ్చింది. నాన్న తిరగలేదు! నేరుగా పోయి, అర కిలోమీటరు అవతలున్న పెట్రోలు బంకులో పెళ్లి ఊరేగింపులా వెడల్పుగా ఓ చుట్టు చుట్టి, వెనక్కొచ్చి, ఎడమవైపు నుంచి సందులోకి దూరాడు.

"ఇదేంది నాన్నా?" అన్నాను.

"ఆడ గట్టిగ తిప్పితే సప్పుడొస్తది రా. బంకుల తిప్పితే రాదు" అన్నాడు, అదేదో మామూలు విషయమన్నట్టు.

అంటే నాలుగు నెలలుగా మా నాన్న ఒక వర్క్‌అరౌండ్ మీద బతుకుతున్నాడన్నమాట. బగ్ రిపోర్టు లేదు, టికెట్ లేదు, ఎవరికీ చెప్పలేదు. మన ఆఫీసుల్లో ఇలాంటివి ఎన్ని చూళ్లేదు? కాకపోతే అక్కడ సర్వరు పడిపోతే రాత్రి ఫోనొస్తుంది, అంతే. ఇక్కడ పడిపోయేది నేషనల్ హైవే 163 మధ్యలో. 2025 నవంబరు 3న ఇదే రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సు మీదకొచ్చి కనీసం 19 మంది చనిపోయారు. ఎదురుగా టిప్పర్లొచ్చే ఆ ఇరుకు రోడ్డు మీద, కుడివైపు తిరుగుతూ తిరుగుతూ బండి అడ్డంగా ఆగిపోతే?

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

అసలు విషయానికొచ్చే ముందు బండి గురించి కొంచెం చెప్పాలి. 1997 మోడల్ మారుతి 800. ఏపీ 28 సిరీస్. నాకంటే ఏడాది పెద్ద. నాన్న దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, స్కూలుకీ పొలానికీ ఇదే. అమ్మ మాత్రం "తుక్కుకిచ్చి ఏదన్న కొత్తది తీసుకోరాదు" అని రెండేళ్లుగా అంటోంది. ఆమె మాటలోనూ న్యాయం ఉంది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు ఒకప్పుడు 600 రూపాయలు ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 10,000 చేశారు. మాకు మళ్లీ 2027లో కట్టాలి. పైగా నాన్న ఆ చప్పుడు గురించి ఒక మెకానిక్కుకి చూపిస్తే, ఆయన బానెట్ ఎత్తి, రెండుసార్లు రేస్ ఇచ్చి, "గేర్‌బాక్సు దించాలె సార్, పద్దెనిమిది వేలైతది" అన్నాడట. నాన్న భయపడి ఇంటికొచ్చేసి, బంకు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

చేవెళ్ల అంటే చాలామందికి 2003 ఏప్రిల్ 9న వైఎస్ రాజశేఖరరెడ్డి పాదయాత్ర మొదలుపెట్టిన ఊరు. ఈ చప్పుడు సంగతి తేల్చకపోతే మా నాన్న కూడా తొందర్లోనే పాదయాత్ర మొదలుపెట్టేలా ఉన్నాడు అనిపించింది :)

ఆదివారం పొద్దున్నే బండి తీసుకుని ఇద్దరం ఊరవతల ఖాళీ గ్రౌండుకి పోయాం. నేను మెకానికల్ చదవలేదు. కానీ డీబగ్గింగ్ ఏ రంగంలో అయినా డీబగ్గింగే గదా. ముందు తప్పు ఎక్కడ లేదో తేల్చాలి.

మొదటి పరీక్ష. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో ఇంజన్ రేస్ చేశాం. చప్పుడు లేదు. అంటే ఇంజన్ కాదు. (మెకానిక్కు ఈ పరీక్ష ఒక్కటే చేశాడు, దాన్నుంచి గేర్‌బాక్సు దాకా ఎలా వెళ్లాడో దేవుడికే తెలియాలి.)

రెండోది. తిన్నగా నలభై మీద పోతూ క్లచ్ తొక్కి బండిని ఊరికే దొర్లనిచ్చాం. చక్రం బేరింగు పోతే వేగంతో పాటు పెరిగే హోరు ఒకటి వస్తుంది, క్లచ్ తొక్కినా పోదు. అదీ లేదు.

మూడోది. స్టీరింగు పూర్తిగా కుడివైపు తిప్పేసి, ఫస్ట్ గేరులో మెల్లగా గుండ్రంగా తిప్పమన్నాను. వచ్చింది! టక్... టక్... టక్... యాక్సిలరేటరు కొంచెం నొక్కితే గట్టిగా, క్లచ్ తొక్కితే దాదాపు మాయం. ఎడమవైపు తిప్పితే అసలు లేదు.

నాలుగోది నాకు బాగా నచ్చిన పరీక్ష. ఎడమ ముందు టైరు మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, నాన్నని అలాగే తిప్పమని, నేను బయటివైపు నుంచి బండి పక్కనే నడిచాను. గీత పైకొచ్చిన ప్రతిసారీ ఒక టక్కు. ఇంజన్ వేగంతో పోయే చప్పుడైతే చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు ఎన్నోసార్లు రావాలి, ఎందుకంటే ఫస్ట్ గేరులో ఇంజన్ చాలా చుట్లు తిరిగితే గానీ చక్రం ఒక చుట్టు తిరగదు. చుట్టుకొక్కటే టక్కు అంటే, తప్పు గేర్‌బాక్సు దాటాక, చక్రంతో పాటు తిరిగే దేంట్లోనో ఉంది. లాగ్ ఫైలు చదివినంత స్పష్టంగా తెలిసింది.

మధ్యలో నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి, "చిలుకూరు బాలాజీ గుళ్ల గూడ గిన్ని చుట్లు తిరగలేదు రా" అన్నాడు. నిజమే. నా వీసా కోసం కోరుకున్నప్పుడు 11, వచ్చాక 108 తిరిగింది ఆయన కాదు, నేను.

ఎడమ చక్రం వెనక తల పెట్టి చూస్తే అంతా అర్థమైపోయింది. రిమ్ము లోపలివైపు గ్రీజు చిమ్మి ఉంది. యాక్సిల్ చివర ముడతలు ముడతలుగా ఉండే నల్ల రబ్బరు బూటు నిలువునా చిరిగి ఉంది. దాని లోపలుండేదే సీవీ జాయింటు. మలుపులో సాధారణంగా బయటివైపు చక్రం జాయింటే అరుస్తుంది. అందుకే కుడివైపు తిరిగితే ఎడమది అరిచింది.

ఇంతకీ ఈ జాయింటు ఎందుకుంది? ఇక్కడి నుంచి కథ 350 ఏళ్లు వెనక్కి పోతుంది. కాస్త ఓపిక పట్టండి.

*

తిరిగే రెండు కడ్డీలని ఒక కోణంలో కలపాలి, ఒకటి తిరిగితే రెండోది తిరగాలి. దీనికి ప్లస్ గుర్తు ఆకారంలో ఒక ముక్క మధ్యలో పెట్టి, చెరోవైపు చెరొక కవ్వం లాంటి కొస తగిలిస్తే సరి. మన మెకానిక్కులు దాన్ని 'క్రాస్' అంటారు. పదహారో శతాబ్దపు ఇటలీ గణితవేత్త కార్డానో పేరు మీద కొందరు దాన్ని కార్డన్ జాయింటు అంటారు. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1676లో దాని గురించి రాస్తూ యూనివర్సల్ జాయింటు అన్నాడు. మనం ఇంటర్ ఫిజిక్సులో స్ప్రింగు సూత్రం చదువుకున్నామే, ఆ హుక్కే.

హుక్ దీంట్లో ఒక విచిత్రం గమనించాడు. మొదటి కడ్డీ ఒకే వేగంతో తిరుగుతున్నా రెండోది అలా తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు తొందరపడుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. ఆయనకి అది తప్పుగా అనిపించలేదు, పైగా పనికొచ్చింది. నీడ గడియారం మీద నీడ కూడా గంటగంటకీ సమానంగా జరగదు. ఆ నీడ లాగే నడిచే ముల్లు చెయ్యడానికి ఈ ఎగుడుదిగుడు సరిగ్గా సరిపోతుందని చూపించాడు. అప్పటి ఫీచరు, తర్వాత బగ్ అయింది. మన వృత్తిలో కొత్తేం కాదు గదా.

బగ్ ఎలా అయింది? కోణం 30 డిగ్రీలు ఉందనుకోండి. మొదటి కడ్డీ వేగం 100 అయితే, రెండోది ప్రతి అర చుట్టుకీ ఒకసారి 87కి పడిపోయి, మళ్లీ 115కి లేస్తుంది. (సైన్ కాస్ గుర్తున్నవాళ్లు కాస్ 30, దాని విలోమం వేసి చూసుకోండి.) కోణం చిన్నదైతే ఈ తేడా దాదాపు ఉండదు. పెద్దదైతే చక్రం కుదుపుతో తిరుగుతుంది, ఆ కుదుపు స్టీరింగులోకి వస్తుంది.

తొలినాళ్ల కార్లు చాలావరకు సైకిలు లాగా గొలుసుతో నడిచేవి. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న క్లారెన్స్ స్పైసర్ 1903లో మూతపెట్టిన యూనివర్సల్ జాయింటుకి పేటెంటు తీసుకున్నాక, గొలుసు స్థానంలో ప్రొపెల్లర్ షాఫ్టు వచ్చింది. ఇంజన్ ముందు, చక్రాలని తిప్పేది వెనక, మధ్యలో పొడుగాటి షాఫ్టు, దానికి రెండు కొసల్లో రెండు క్రాసులు. ఇక్కడ కోణాలు చిన్నవి. పైగా రెండు క్రాసుల్ని సరైన వరసలో బిగిస్తే ఒకదాని ఎగుడుదిగుడుని రెండోది కొట్టేస్తుంది. అందుకే వెనక చక్రాల బండ్లకి హుక్ జాయింటుతో గొడవే రాలేదు.

*

మన అంబాసిడర్ సరిగ్గా అదే. ఇంగ్లండు మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో మొదలై 2014 మేలో ఆగిపోయింది. బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు చేసిన ఫియట్ కూడా అంతే. 1964లో 1100 డిలైట్‌గా వచ్చి, 1974లో పద్మినిగా పేరు మార్చుకుని, 2000ల మొదట్లో తయారీ ఆగిపోయింది. దేశమంతా కలిపి ఏడాదికి 50 వేల కార్లు కూడా తయారుకాని రోజుల్లో, డబ్బు కట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూసి కొనుక్కున్న బండి అది. అంత తేలిగ్గా ఎవరు తుక్కుకిస్తారు?

మా పెదనాన్న ఒక అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. నేను చిన్నప్పుడు చూసిందే, ఆదివారం వచ్చిందంటే చాప పరుచుకుని బండి కిందకి దూరేవాడు. చేతిలో గ్రీజు గన్ను. క్రాసులకి, స్టీరింగు జాయింట్లకి బుల్లి నిపుళ్లుండేవి, వాటికి గన్ను ఆనించి పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టేవాడు. చప్పుడుని బట్టి రోగం చెప్పేవాడు. గేరు వేసి క్లచ్ వదలగానే 'ఠంగ్' మంటే క్రాసు అరిగింది. యాక్సిలరేటరు నొక్కినప్పుడు మాత్రమే వెనకనుంచి 'ఊ...' మని ఏడిస్తే క్రౌన్ పినియన్. వదిలేసినప్పుడు కూడా హోరు ఉంటే బేరింగు. ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించుకుని, కొస బండికి తగిలించి డాక్టరులా వినేవాడు. రాణీగంజ్ పోయి క్రాసు కొనుక్కొచ్చి, వైసు లేకపోతే రెండు సాకెట్లు పెట్టి కొట్టి ఇంటి ముందే మార్చేసేవాడు.

నాన్న డ్రైవింగు నేర్చుకుంది ఆ బండి మీదే. గ్రీజు కొట్టడం నేర్చుకుందీ అక్కడే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాను.

*

ఇంజన్ పక్కనున్న ముందు చక్రాలనే తిప్పితే పొడుగు షాఫ్టు అక్కర్లేదు, బండి చిన్నదవుతుంది, లోపల చోటు పెరుగుతుంది. ఈ ఆలోచన చాలా పాతది. కానీ ముందు చక్రాలు స్టీరింగుతో పాటు ముప్పై డిగ్రీలు, ఇంకా ఎక్కువ కూడా తిరగాలి. అక్కడ హుక్ జాయింటు పెడితే పైన చెప్పిన 87, 115 లెక్క మన చేతుల్లోకి వచ్చేస్తుంది. కాబట్టి ముందు చక్రాల బండికి ఇంజన్ కంటే పెద్ద సమస్య ఈ పిడికెడు జాయింటే.

1926లో ఫ్రాన్సులో ఫెనాయ్, గ్రెగ్వార్ అనే ఇద్దరు మిత్రులు ట్రాక్టా జాయింటుతో ఒక దారి చూపించారు. 1927లో ఫోర్డు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ జెప్పా ఇంకో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. మనందరి కార్లలో ఇవాళ ఉన్నది ఆయన పద్ధతే. ఒక గిన్నె. గిన్నె లోపలి గోడకి ఆరు గాళ్లు. మధ్యలో ఒక గుండు, దానికీ ఆరు గాళ్లు. రెండిటి మధ్య ఆరు స్టీలు బంతులు, వాటిని పట్టి ఉంచే ఒక పంజరం. కిటుకంతా పంజరంలోనే ఉంది. కడ్డీలు ఏ కోణంలో వంగినా సరే, బంతులన్నీ సరిగ్గా ఆ కోణాన్ని సగం చేసే తలంలోనే ఉంటాయి. అటువైపు ఎంతో ఇటువైపూ అంతే, అద్దంలో బొమ్మలా. కాబట్టి వేగాలు ఎప్పుడూ సమానం. సీవీ అంటే కాన్‌స్టంట్ వెలాసిటీ అని ఇప్పుడు అర్థమైంది గదా.

రెండో ప్రపంచ యుద్ధపు జీపుల ముందు యాక్సిళ్లలో ఈ రకం జాయింట్లు వాడారు. కానీ మామూలు జనం కార్లలోకి అసలైన ప్రవేశం 1959లో, ఇంగ్లండు మినీతో. ఇసిగోనిస్ ఇంజన్ని అడ్డంగా తిప్పి పెట్టి, గేర్‌బాక్సుని దాని కిందకి తోసి, చక్రాల దగ్గర జెప్పా తరహా జాయింట్లు పెట్టాడు. అయితే ఇంజన్‌కీ గేర్లకీ ఒకటే ఆయిలు, విప్పితే అన్నీ విప్పాలి.

దీన్ని సరిచేసింది ఇటలీలో ఫియట్ ఇంజనీరు డాంటే జియకోసా. ఇంజన్ అడ్డంగానే ఉంచి గేర్‌బాక్సుని కిందకి కాకుండా పక్కకి పెట్టాడు. అప్పుడు డిఫరెన్షియల్ బండి మధ్యలోకి రాదు, ఒక పక్కకి జరుగుతుంది. కాబట్టి ఎడమ యాక్సిలూ కుడి యాక్సిలూ ఒకే పొడవు ఉండవు. (ఈ ముక్క కూడా గుర్తుపెట్టుకోండి, దీని వల్ల నాకొక రోజు వేస్టయింది.) ఫియట్ కంపెనీకి ఇంత కొత్త పద్ధతి సొంత పేరు మీద పెట్టాలంటే గుబులు. అందుకని 1964లో ఆటోబియాంకి అనే తమ్ముడి కంపెనీ పేరు మీద ప్రిములా అనే కారులో పెట్టి చూసింది. అచ్చమైన బీటా రిలీజు. బాగా నడిచాక 1969లో ఫియట్ 128లో సొంత పేరు మీద తెచ్చింది. ఆ తర్వాత చిన్న కార్ల లోకమంతా అదే దారి పట్టింది.

విచిత్రమేంటంటే, మన పద్మినికి మూలమైన 1953 నాటి ఫియట్ 1100 కూడా ఈ జియకోసా ఆధ్వర్యంలో వచ్చిందే. అంటే 1964లో ఆయన ఇటలీలో వెనక చక్రాల పద్ధతికి మంగళం పాడుతుంటే, అదే ఏడాది మనం బొంబాయిలో ఆయన పాత బండికి కొబ్బరికాయ కొట్టాం. ఆ వెర్షనే వాడుతూ కూర్చున్నాం.

*

సుజుకి వాళ్లు 1955లో చేసిన మొట్టమొదటి కారు సుజులైట్ కూడా ముందు చక్రాల బండే. వాళ్లతో 1982లో ఒప్పందం చేసుకుని, 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరా గాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళాలు ఇచ్చారు. 796 సీసీ, మూడు సిలిండర్లు, ఇంజన్ అడ్డం, గేర్‌బాక్సు పక్కన. జియకోసా వరస. మన దేశంలో లక్షలమంది చేతికొచ్చిన మొదటి ముందు చక్రాల కారు ఇదే. 2010 ఏప్రిల్‌లో కొత్త కాలుష్య నిబంధనలొచ్చాక హైదరాబాదుతో సహా 13 నగరాల్లో అమ్మకం ఆపేశారు, 2014 జనవరిలో తయారీయే ఆపేశారు. అప్పటికి 25 లక్షలకి పైగా బండ్లు అమ్ముడుపోయాయి.

ఆ రోజుల్లో మారుతి గురించి అందరూ మెచ్చుకున్న మాట ఒకటుంది, "దీనికి మెయింటెనెన్సే లేదు". అది చాలావరకు నిజం కూడా. క్రాసు లేదు, నిపుల్ లేదు, గ్రీజు గన్ను అక్కర్లేదు. జాయింటులో కంపెనీయే గ్రీజు నింపి, రబ్బరు బూటు తొడిగి, క్లిప్పు బిగించి పంపిస్తుంది. జీవితకాలం సరిపోతుందంటారు.

ఎవరి జీవితకాలం? స్టీలు బంతులదైతే, నిజమే, బూటు బాగున్నంత కాలం అవి దశాబ్దాలు ఉంటాయి. కానీ రబ్బరుది కాదు. ఎండకీ వేడికీ ప్రతి మలుపులో ముడత పడి సాగడానికీ రబ్బరు ఒకరోజు చిరుగుతుంది. తిరిగే చక్రం ఆ చిరుగులోంచి గ్రీజుని బయటికి చిమ్మేస్తుంది, మట్టి లోపలికి పోతుంది. కొన్ని నెలల్లో గాళ్లలో గుంటలు పడతాయి. బంతి గుంటలో పడి లేచినప్పుడల్లా, టక్.

పూర్తిగా పోతే ఏమవుతుంది? డిఫరెన్షియల్ గుణం ఏంటంటే, ఏ పక్క అడ్డు తక్కువుంటే ఆ పక్కే తిప్పుతుంది. జాయింటు తెగిన వైపు ఊరికే గిర్రున తిరుగుతుంది, రెండో చక్రానికి బలమే అందదు. ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, బండి మాత్రం అంగుళం కదలదు. అది కూడా ఎక్కువగా మలుపులో, బరువు పడ్డప్పుడే. అంటే సరిగ్గా మా సందు దగ్గర, టిప్పర్లకి అడ్డంగా.

*

రిపేరు సంగతికొద్దాం. సోమవారం వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టి (మా మేనేజరు ఇది చదవడని ఆశిస్తూ) రాణీగంజ్ పోయి "800కి యాక్సిల్ కావాలి" అన్నాను. కొట్టాయన ఇచ్చాడు, తెచ్చాను. ఇంటికొచ్చి బండి పక్కన పెట్టి చూస్తే పొడవు కలవట్లేదు. కుడివైపుది తెచ్చాను! ఎడమా కుడా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. జియకోసా చరిత్ర అంతా చదివి కూడా ఆ ముక్క పని దగ్గర గుర్తు రాలేదు. మర్నాడు మళ్లీ పోయి మార్చుకొచ్చాను.

పని వరస ఇది. బండి నేల మీద ఉండగానే, బ్రేకు తొక్కి పట్టుకోమని, హబ్ నట్టుకున్న కాటర్ పిన్ను పీకి నట్టు వదులు చెయ్యాలి. ఇదే అన్నిటికన్నా మొండిది. పానాకి మూడడుగుల పైపు తొడిగి నేనూ నాన్నా ఇద్దరం వేలాడితే గానీ కదల్లేదు. తర్వాత జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టాలి. జాకీని ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి ఎప్పుడూ దూరకండి. గేర్‌బాక్సు ఆయిలు దించుకోవాలి, లేకపోతే యాక్సిల్ ఊడగానే నేలపాలవుతుంది. లోయర్ ఆర్మ్ బాల్ జాయింటు బోల్టు తీస్తే హబ్ మొత్తం బయటికి జరుగుతుంది. యాక్సిల్ కొస మీద చెక్కముక్క ఆనించి కొడితే హబ్‌లోంచి వదులుతుంది. రెండో కొస గేర్‌బాక్సులో సర్క్లిప్‌తో పట్టుకుని ఉంటుంది, రాడ్డుతో మెల్లగా ఎగదన్నితే 'టప్' మని ఊడొస్తుంది. కొత్తది ఎక్కించేటప్పుడు కూడా ఆ 'టప్' వినపడాలి, లేకపోతే కూర్చోలేదని అర్థం. కాటర్ పిన్ను కొత్తదే వెయ్యాలి. హబ్ నట్టు బిగించడానికి టార్కు రెంచి అరువు తెచ్చాను, ఊరికే అందాజుగా బిగించే చోటు కాదది. చివరగా ఆయిలు పొయ్యడం మర్చిపోవద్దు.

తెలిసినవాళ్లకి గంటన్నర పని. మాకు పొద్దున తొమ్మిదింటి నుంచి నాలుగింటిదాకా పట్టింది.

సాయంత్రం పాత జాయింటుని పేపరు మీద పెట్టి విప్పాను. లోపల గ్రీజు నల్లగా లేదు. ఎర్రగా, గరగరగా, మా పొలం మట్టి కలిసి ముద్దలా ఉంది. తుడిచి చూస్తే ఆరు గాళ్లలో ఒకదాంట్లో గోరు పట్టేంత గుంట. సుద్దగీత చెప్పింది నిజమే, చుట్టుకొక టక్కు.

నాన్న ఆ బంతుల్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "దీనికి గ్రీజు ఎక్కడ కొట్టాలె?" అన్నాడు.

"కొట్టేది ఉండదు నాన్నా. ఈ రబ్బరు చిరిగిందా లేదా అని చూసుకోవాలె, అంతే. చిరగంగనే మారిస్తే రెండొందలల్ల అయిపోతుండె."

"మీ పెదనాయిన బండికైతే ప్రతి ఐతారం కొడుతుంటిమి. దీనికి నిపుల్ లేదని, ఇగ సూసుడే అవసరం లేదనుకున్న" అన్నాడు. గొంతులో తప్పు చేసినవాడి బాధ. చప్పుడొచ్చినప్పుడు ఎవరికీ చెప్పకపోవడానికి కారణం కూడా అదేనని అప్పుడు అర్థమైంది. బండిని సరిగ్గా చూసుకోలేదేమోనని ఆయనకి నామోషీ.

తప్పు ఆయనది కాదని నా నమ్మకం. ప్రతి ఆదివారం బండి కింద పడుకునే ఒక తరానికి, "ఇంక కిందకి చూడక్కర్లేదు" అని చెప్పాం. నిజానికి చెప్పాల్సింది "ఇంక గ్రీజు కొట్టక్కర్లేదు, కానీ చూడ్డం మానకండి" అని. పని తగ్గింది, గమనించాల్సిన అవసరం తగ్గలేదు. గన్నుతో పాటు చాపని కూడా అటక మీద పెట్టేశాం. మనం రాసే సాఫ్ట్‌వేరులో కూడా 'ఇది ఆటోమేటిక్, దీన్ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు' అన్న చోటే కదా అర్ధరాత్రి పేజరు మోగేది.

ఇది పాత మారుతి గోల, మనది ఎలక్ట్రిక్ కారు అంటారేమో. ఆగండి. ఎలక్ట్రిక్ కార్లలో ఇంజన్ పోయింది, క్లచ్ పోయింది, సైలెన్సరు పోయింది. కానీ మోటారు నుంచి తిరిగే చక్రానికి బలం పోవాలంటే ఆ యాక్సిలు, ఆ జాయింటు, ఆ రబ్బరు బూటు ఉండాల్సిందే. 1927 నాటి ఆలోచన అలాగే ఉంది. కాబట్టి ఈ ఆదివారం మీ బండి ఏదైనా సరే, స్టీరింగు ఒక పక్కకి పూర్తిగా తిప్పి, దిగి, ముందు చక్రం వెనక ఫోను టార్చి వేసి చూడండి. రెండు నిమిషాల పని. ఊళ్లో అమ్మానాన్నల బండి ఉంటే అది ముందు చూడండి. వాళ్లు ఎక్కడన్నా అక్కర్లేని చుట్టు తిరిగి వస్తున్నారేమో అడగండి. అడగందే వాళ్లు చెప్పరు.

బుధవారం పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే మొయినాబాద్ దాకా దింపుతానని నాన్న వచ్చాడు. తిరిగి ఇల్లు చేరాక ఫోన్ చేశాడు.

"సందులకెల్లే తిరిగిన రా" అన్నాడు. అంతే చెప్పి పెట్టేశాడు.